ఎదుటి పక్షమును వినుము



గడచిన వేసవిలో ఒక సహోదరి కోర్టు కాగితమొకటి కొంగున ముడివేసికొని మా యింటికి వచ్చెను. ఆమెకు చదువు రాదు. కుమారుడు చదివి చెప్పిన దానిలో ఒక మాట ఆమెను మిక్కిలి కలతపెట్టినది. "అయ్యగారూ, ఇందులో ఎక్స్ పార్టీ అని రాశారంట. మేము ఏ పార్టీ జెండా కిందా తిరగలేదు. మమ్మల్ని ఏ పార్టీలో కలిపారు?" అని అడిగెను.

మాకు నవ్వు వచ్చినది గాని ఆమె ముఖము చూచి నవ్వలేకపోతిమి. సంగతి ఏమనగా, భర్త చనిపోయిన పిమ్మట ఆమె కుమారుని వెంటబెట్టుకొని పట్టణమునకు కూలిపనికి పోయెను. ఆ కాలములో ఆమె మరుదులు పొలము గట్టు విషయమై దావా వేసిరి. సమన్లు వచ్చి, తాళము వేసిన తలుపునకు అంటింపబడెను. వాన వచ్చెను, కాగితము పోయెను. ఆమె వాయిదాకు పోలేదు. ఆమె లేకుండగనే తీర్పు జరిగెను. అట్టి తీర్పునే ఎక్స్ పార్టీ డిక్రీ అందురు.

ఇది లాటిను మాట. లాటిను మనము ఎరుగని భాష కాదు. మన ప్రభువు సిలువమీద పిలాతు పెట్టించిన పలక మూడు భాషలలో ఉండెనని యోహాను వ్రాసియున్నాడు. వాటిలో రోమా భాష అనబడినదే లాటిను. ఎక్స్ పార్టీ అనగా "ఒక పక్షము నుండి మాత్రమే" అని అర్థము. పార్టీ అనగా ఇచ్చట ఓట్లు అడుగు పార్టీ కాదు, వ్యాజ్యములోని పక్షము.

కోర్టు మాటలన్నియు మనకు ఇట్లే భయము పుట్టించును. దావా, వకాల్తా, వాయిదా, జామీను అనునవి అరబ్బీ, పారసీ భాషలనుండి వచ్చినవి. వాటికి మన చెవులు అలవాటు పడినవి. లాటిను మాటలకు ఇంకను అలవాటు పడలేదు. అయినను వాటిని విప్పి చూచినయెడల లోపల ఉన్నది సామాన్యమైన మాటయే. అఫిడవిట్ అనగా "ప్రమాణపూర్వకముగా చెప్పియున్నాడు" అని. మన పిల్లలకు బడిలో ఇచ్చు బోనఫైడ్ సర్టిఫికెట్టులోని ఆ మొదటి మాటకు "మంచి విశ్వాసముతో" అని అర్థము. కేవియట్ అనగా "జాగ్రత్తపడవలెను" అని. తనమీద ఎవరైన దావా వేయుదురని తోచినవాడు, తన మాట వినక ఏ ఉత్తరువును ఇవ్వవద్దని కోర్టువారికి ముందుగానే పెట్టుకొను కాగితమది. హెబియస్ కార్పస్ అనగా నిర్బంధములో ఉన్న మనిషిని దేహముతో తెచ్చి న్యాయాధిపతి యెదుట నిలువబెట్టుమని. ఈ చివరిది మన రాజ్యాంగము 32వ అధికరణములో పేరుతో సహా వ్రాయబడియున్నది.

ఆ సహోదరి అడిగిన "పార్టీ" అను మాటయే మరియొక లాటిను సూత్రములో ఉన్నది. ఆడి ఆల్టెరమ్ పార్టెమ్. "ఎదుటి పక్షమును కూడ వినుము" అని దాని భావము. ఎవనికి నష్టము కలిగించు తీర్పు చెప్పబోవుదుమో, వానికి ముందుగా సంగతి తెలియజేసి, వాని మాట వినవలెను. ఇది రోమీయులకు తెలిసిన న్యాయము. నేరము మోపినవారిని ముఖాముఖిగా ఎదుర్కొని జవాబు చెప్పుకొను అవకాశము ఇయ్యక మనుష్యుని అప్పగించుట రోమీయుల ఆచారము కాదని ఫేస్తు అగ్రిప్పతో చెప్పిన సంగతి అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయములో చదువుచున్నాము. ఇశ్రాయేలీయులకును ఇది తెలియును. ఒకని మాట వినక, వాని క్రియ తెలిసికొనక మన ధర్మశాస్త్రము తీర్పు చెప్పునా అని నీకొదేము ప్రధానులను అడిగెను. వారు దానికి జవాబు చెప్పక అతనినే ఎగతాళి చేసిరి.

ఇచ్చట మన మనస్సులో ఒక ప్రశ్న పుట్టును. నేరము జరిగినదని నిశ్చయముగా తెలిసినప్పుడు కూడ వినవలెనా? వినుట నిజము తెలిసికొనుటకే గదా. నిజము ముందే తెలిసినయెడల వినుట వలన ప్రయోజనమేమి?

ఈ ప్రశ్నకు ఇంగ్లండులో ఒక న్యాయాధిపతి బైబిలులోనుండి జవాబు తీసెను. రిచర్డు బెంట్లీ అను గొప్ప గ్రీకు పండితుడు కేంబ్రిడ్జిలో ట్రినిటీ కళాశాలకు అధిపతిగా ఉండెను. గ్రీకు క్రొత్త నిబంధనను ప్రాచీన ప్రతులతో సరిచూచి ప్రకటింపవలెనని ప్రయాసపడినవాడు. అతడు నోటి దురుసుతనము గలవాడు కూడ. విశ్వవిద్యాలయ అధికారి సమన్లు పంపగా వాటిని తృణీకరించి మాటలాడెను. 1718లో విశ్వవిద్యాలయము వారు అతనిని పిలిచి అడుగకయే అతని పట్టములన్నియు తీసివేసిరి. అతడు రాజు న్యాయస్థానమునకు పోయెను. 1723లో తీర్పు అతని పక్షముగా వచ్చినది. అప్పుడు ఫార్టెస్క్యూ అను న్యాయమూర్తి ఏదెను తోటను జ్ఞాపకము చేసి, దేవుడు సహితము ఆదామును పిలిచి అడిగిన తరువాతనే శిక్ష విధించెనని చెప్పెను. న్యాయస్థానము మాండమస్ అను ఆజ్ఞ పంపెను. అదియు లాటినే, "ఆజ్ఞాపించుచున్నాము" అని అర్థము. మరుసటి సంవత్సరము బెంట్లీ పట్టములు అతనికి తిరిగి ఇయ్యబడెను.

సహోదరులారా, ఆ న్యాయమూర్తి చూపిన చోట మనము కొంచెము నిలిచి చూతము. ఆదాము పండు తిన్న సంగతి దేవునికి తెలియదా? చెట్ల చాటున దాగిన చోటు తెలియదా? అయినను ఎక్కడ ఉన్నావని అడిగెను. తింటివా అని అడిగెను. హవ్వను వేరుగా అడిగెను. వారి జవాబులు మంచివి కావు. ఒకరిమీద ఒకరు త్రోసికొనిరి. అయినను ఆయన వినెను. తరువాత కయీనును కూడ అడిగెను. అయితే సర్పమును మాత్రము ఆయన అడుగలేదు! ఎవరిని తిరిగి తన యొద్దకు రప్పించుకొనగోరెనో వారిని అడిగెను. కాబట్టి అడుగుట తెలిసికొనుట కొరకు మాత్రమే కాదు. నీవు ఇంకను నా యెదుట నిలిచి మాటలాడదగిన మనిషివే అని అవతలివానికి చెప్పుట అది.

మన దేశపు సుప్రీం కోర్టు కూడ ఈ సంగతిని వేరొక రీతిగా చెప్పినది. 1981లో బొంబాయిలో రోడ్ల ప్రక్కన, మురికివాడలలో గుడిసెలు వేసికొన్న బీదలను వెళ్లగొట్టుటకు ప్రభుత్వము పూనుకొనెను. 1888 నాటి చట్టము ప్రకారము నోటీసు ఇయ్యకయే తొలగించు అధికారము మునిసిపాలిటీకి ఉండెను. ఓల్గా టెల్లిస్ అను పత్రికా రచయిత్రి పేరిట ప్రసిద్ధమైన వ్యాజ్యములో, ప్రజల దారిలో ఇండ్లు వేసికొన్నవారు చెప్పుకొనునది ఏముండును, వినుట దేనికి అని వాదించిరి. 1985 జూలైలో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారు వ్రాసిన తీర్పు ఆ వాదనను అంగీకరింపలేదు. వినినందువలన ఫలితము మారినను మారకున్నను, ఒకని బ్రదుకును గూర్చి నిర్ణయించునప్పుడు వానితో మాటలాడుటకే ఒక విలువ యున్నదనియు, నోటీసు లేకుండ తొలగించుట అరుదైన సందర్భములలోనే తగుననియు దాని సారాంశము. అయితే కాలిబాటమీద ఉండుటకు వారికి హక్కు కలదని కోర్టు చెప్పలేదు. వానలు వెళ్లువరకు ఆగి తొలగింపవచ్చుననెను. వినబడుట వేరు, గెలుచుట వేరు.

ఇంతవరకు న్యాయస్థానములను గూర్చి వ్రాసితిమి. ఇప్పుడు మా తప్పిదమును వ్రాయవలెను. అది వ్రాయకున్న ఈ మాటలు వ్రాయుటకు మాకు యోగ్యత లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవచేయుచున్న సంఘములో, కోత పండుగకు వచ్చిన ధాన్యము అమ్మిన సొమ్ము కొంత తక్కువైనది. సొమ్ము దాచిన సహోదరుడు ఆ దినములలో కుమార్తె యింటికి పోయియుండెను. మేమును పెద్దలును రాత్రి కూడుకొని లెక్కలు చూచితిమి. అతడే తీసెనని తేటపడెను. అతడు ప్రభువు బల్లలో పాలు పొందరాదని తీర్మానించి మినిట్సు పుస్తకములో వ్రాసితిమి. ఆదివారము ఆరాధనలో చదివితిమి. అప్పటికి అతడు ఊరినుండి వచ్చి వెనుక వరుసలో కూర్చుండియున్నాడని మేము చూడలేదు. అతడు లేచి, కండువా దులిపి భుజమున వేసికొని బయటికి పోయెను. ఎనిమిది నెలలు గుడి గడప తొక్కలేదు.

చివరకు మేమే అతని యింటికి పోతిమి. అతడు మంచము వాల్చి కూర్చుండబెట్టి, మంచినీళ్లు ఇచ్చి ఇట్లనెను. "అయ్యగారూ, డబ్బు తీసిన మాట నిజమే. మనవడికి జ్వరం వచ్చి ఆస్పత్రికి తీసుకుపోవాలంటే చేతిలో పైసా లేదు. మళ్లీ పెడదామనే తీశాను. తప్పే. మీరు అడిగితే మీ కాళ్ల దగ్గరే చెప్పేవాణ్ణి. నన్ను ఎవరూ అడగలేదు."

మా తీర్పు తప్పు కాదు. సొమ్ము అతడే తీసెను. క్రమశిక్షణ కూడ తగినదే. అయినను మేము అతనికి అన్యాయము చేసితిమి. ఒప్పుకొనుటకు సిద్ధముగా ఉన్నవానికి ఒప్పుకొను చోటు లేకుండ చేసితిమి. అతని పాపమును అతని నోటనుండి రానీయక, మా నోట ఊరందరికి చెప్పితిమి. తీర్పు సరియైనంత మాత్రమున న్యాయము జరిగినట్లు కాదని ఆ మంచముమీద కూర్చుండి నేర్చుకొంటిమి.

అందరి మాట వినుచు పోయిన తియ్యని నోరు గల దుష్టుడు తప్పించుకొనడా అని కొందరు అడుగవచ్చును. వినుమనుటకు నమ్ముమని అర్థము కాదు. వ్యాజ్యములో మొదట మాటలాడువాడు న్యాయవంతుడుగా కనబడుననియు, ఎదుటివాడు వచ్చి పరీక్షించినప్పుడు సంగతి తేలుననియు సామెతల గ్రంథము 18వ అధ్యాయము నేర్పుచున్నది. ఆగుటకు వీలులేని వేళలును ఉండును. ఒక స్త్రీని భర్త కొట్టుచున్నప్పుడు మొదట ఆమెను కాపాడవలెను, తరువాత అతని మాట వినవలెను. కోర్టులు సహితము అట్టి అవసరములలో ఒక పక్షము మాటమీద తాత్కాలికముగా ఉత్తరువిచ్చి, పిమ్మట రెండవ పక్షమును పిలుచును. ఇల్లు కాలుచుండగా నీళ్లు ముందు, విచారణ వెనుక. అయితే విచారణ మానుకొనుట మాత్రము ఎన్నడును తగదు.

ఆ సహోదరి మాట చెప్పక ముగింపరాదు. ఎక్స్ పార్టీ డిక్రీ అంతటితో ముగిసిన కథ కాదు. సమన్లు సరిగా అందకపోయినను, రాలేకపోవుటకు తగిన కారణమున్నను, ఆ డిక్రీని రద్దుచేయుమని అదే కోర్టులో అడుగవచ్చును. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు అందుకు దారి ఉంచినది. గడువు డిక్రీ నాటినుండి 30 దినములు. సమన్లు సరిగా అందనియెడల, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి 30 దినములు. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగా వకీలును ఏర్పాటు చేయుదురు. ఆమె అట్లే పోయెను. కోర్టువారు డిక్రీ రద్దుచేసిరి. వ్యాజ్యము ఇంకను నడుచుచున్నది. గట్టు ఎవరిదని తేలునో మేము చెప్పజాలము. "గెలిచినా ఓడినా, నా మాట కూడా జడ్జిగారు విన్నారు అయ్యగారూ" అని ఆమె చెప్పినది.

మా సంఘపు మినిట్సు పుస్తకములో ఇప్పుడు ప్రతి ఫిర్యాదు క్రింద ఒక వరుస విడిచిపెట్టుచున్నాము. "అతడు ఏమి చెప్పెను?" అని దాని శీర్షిక. ఆ వరుస నిండనిది ఏ తీర్మానమును చేయము. మీ యిండ్లలో మినిట్సు పుస్తకము ఉండదు. అయినను కోడలిని గూర్చి అత్త చెప్పినప్పుడు, పాలివానిని గూర్చి అన్న చెప్పినప్పుడు, సెల్‌ఫోనులో ఎవరో పంపిన మాట చూచినప్పుడు, మీ మనస్సులో ఆ ఒక వరుస ఖాళీగా ఉంచుడి. బల్లయొద్దకు వచ్చుటకు ముందు, వినక తీర్పు తీర్చినవారు ఎవరైన ఉన్నారేమో తలంచుకొని, వారి యింటికి పోయి అడుగుడి. మనలను విని క్షమించిన ప్రభువు అందుకు మనకు తోడైయుండును గాక. ఆమేన్.