పాత్రయొద్ద దగ్గు

ధ్యానభాగము: యోహాను 9:1–7



నీళ్ళు త్రాగుచుండగా పొలమారినయెడల, ఎవరో తలచుకొనుచున్నారని మన పెద్దలు నడినెత్తిమీద తట్టుదురు. ఎప్పుడో ఒకమారు పొలమారువానికి ఆ మాట చాలును. పుట్టినది మొదలు గ్రుక్కగ్రుక్కకు దగ్గువాని సంగతి యేమి?

తల్లిగర్భమున ఊపిరి గొట్టమును ఆహారపు గొట్టమును మొదట ఒక్కటే. సుమారు నాలుగవ వారమున అవి రెండుగా వేరుపడుటకు మొదలిడును. కొందరిలో వాటి నడుమ సన్నని దారి మిగిలిపోవును. అట్టివారిలో ఎక్కువమందికి ఆహారపు గొట్టమే తెగియుండును గనుక శిశువు పాలు మ్రింగలేదు. జబ్బు వెంటనే తెలియును. 1941లో అమెరికాలో కామెరాన్ హైట్ అను వైద్యుడు అట్టి ఆడశిశువునకు తెగిన గొట్టమును కలిపి బ్రదికించెను. అయితే నూటికి సుమారు నలుగురిలో గొట్టము సరిగానే యుండి, దొంగదారి మాత్రము దాగియుండును. ఆంగ్లములోని ‘హెచ్’ అక్షరమువలె నున్నందున దానిని ‘హెచ్ రకము’ అందురు. వీరు పెరుగుదురు, పెండ్లాడుదురు. ముద్ద దిగును, నీరు దగ్గు తెప్పించును. న్యుమోనియా మరల మరల వచ్చును. ఉబ్బసమని మందులు మ్రింగుచు నడివయస్సు వచ్చిన తరువాత నిజము తెలిసికొనినవారు కలరు. మన ఉద్దానమందు నీళ్ళనగానే మూత్రపిండముల జబ్బు తలంపునకు వచ్చును గదా! దగ్గుకు భయపడి, జీడితోటల యెండలో నీళ్ళు మానుకొనుట మరియొక అపాయము.

అంతకంటె నన్ను బాధించునది ప్రభువు బల్లయొద్ద పుట్టు గుసగుస. పాత్ర పుచ్చుకొని ఒకడు దగ్గగానే, దాచిన పాపమున్నదందురు. మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయమునందు పౌలు గద్దించినది దగ్గును కాదు. పేదలు ఆకలితో నుండగా తాము కడుపునిండ తిని త్రాగినవారిని. మరికొందరు, గ్రహణమునాడు తల్లి బయట తిరిగెనని ఆమెమీద నేరము మోపుదురు. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు అడిగినప్పుడు ప్రభువు వానిమీదను, తలిదండ్రులమీదను నేరము మోపలేదు. వానిని సిలోయము కోనేటికి పంపెను.

మనమును బరంపురమునకో విశాఖపట్నమునకో పంపుదము. రెండు వారములు మించిన దగ్గుకు క్షయ పరీక్ష మానకూడదు. అయితే “చిన్ననాటినుండి నీళ్ళు త్రాగినప్పుడే దగ్గు” అను మాట వైద్యునితో తప్పక చెప్పవలెను. ఎక్స్‌రేలో కనబడు మందు మ్రింగించియు, దీపముగల సన్నని గొట్టముతో లోపల చూచియు దారిని కనుగొందురు. ఒకమారు కనబడకున్నను మరల వెదకుదురు. శస్త్రచికిత్సచే దానిని మూయవచ్చును.

అంతవరకు ఆ విశ్వాసి బల్లకు దూరము కానక్కరలేదు. పెదవి తడిపిన చాలును. సంఘపెద్ద ఆయన ప్రక్కన కూర్చుండి, దగ్గు తగ్గువరకు ఆగి, తరువాత పాత్రను ముందుకు అందించవలెను.