వైద్యుడు గీసిన బుద్ధుడు

బుద్ధుడి కథ అనగానే మనకు మాయాదేవి కల, లుంబినీ వనం, పుట్టగానే వేసిన ఏడడుగులు గుర్తొస్తాయి. జపాన్ చిత్రకథకుడు ఒసాము తెజుకా అక్కడ మొదలుపెట్టలేదు. ఆయన గీసిన ‘బుద్ధ’ బొమ్మల నవల తొలి సంపుటంలో సిద్ధార్థుడు దాదాపు కనిపించడు. మన కళ్లెదుట తిరిగేది చాప్రా అనే బానిస కుర్రాడు, అంటరానివాడని లోకం వెలివేసిన తత్త అనే బుడతడు, వాళ్ల తల్లులు, వాళ్ల ఆకలి. యుద్ధాలు జరుగుతాయి, ఊళ్లు తగలబడతాయి. తన పుట్టుక దాచుకుని కోసల సేనానికి పెంపుడు కొడుకైన చాప్రా, గుట్టు బయటపడ్డాక కన్నతల్లిని కాదనలేక ఆమెతోపాటే ప్రాణాలు వదులుతాడు. ఇంత దుఃఖాన్ని చూపించాకే తెజుకా మనకు సిద్ధార్థుడి కథలో దారి ఇస్తాడు.

ఈ వరుస యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. తెజుకా వైద్యవిద్య చదివిన మనిషి. బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాలు కూడా వైద్యుడు రోగిని చూసే పద్ధతిలోనే సాగుతాయి. దుఃఖం ఉంది. దానికి కారణం ఉంది. అది తగ్గుతుంది. తగ్గే మార్గం ఉంది. పాళీ గ్రంథాలు బుద్ధుణ్ణి వైద్యుడనీ, గుచ్చుకున్న బాణాన్ని పెరికే శస్త్రవైద్యుడనీ పిలిచాయి. ముందు రోగాన్ని చూపించి ఆ తర్వాత వైద్యుణ్ణి పిలిచిన ఈ కథనం ఆ సంప్రదాయానికి దగ్గరగానే ఉంది.

1928లో ఒసాకా ప్రాంతంలో పుట్టిన తెజుకా, 1945లో ఆ నగరంపై కురిసిన బాంబుల మధ్య బతికి బయటపడ్డాడు. ప్రాణం విలువ ఆయనకు పుస్తకాల్లో దొరికిన మాట కాదు. జపాన్‌లో ఆయన్ని మాంగా (బొమ్మల కథల) దేవుడంటారు. 1972 నుంచి 1983 వరకు పత్రికల్లో ధారావాహికగా వచ్చిన ‘బుద్ధ’, ఇంగ్లీషులో 8 సంపుటాలుగా దొరుకుతోంది. అన్నీ కలిపితే సుమారు 3,000 పుటలు. పట్టుకుంటే వదలబుద్ధి కాదు. ఛేజింగులున్నాయి, కత్తియుద్ధాలున్నాయి, కన్నీళ్లున్నాయి. గంభీరమైన ఘట్టం మధ్యలో రచయిత తన కార్టూను బొమ్మనే తెచ్చి నిలబెట్టి నవ్విస్తాడు.

ఇక్కడే కొందరికి సందేహం వస్తుంది. మహాపురుషుడి జీవితాన్ని ఇంత సరదాగా చదవవచ్చా అని. మన నేల మీదే దీనికి జవాబుంది. అమరావతి స్తూపం నుంచి చెన్నై మ్యూజియానికి చేరిన ఒక గుండ్రటి శిల్పంలో, బుద్ధుడి మీదికి వదిలిన నాలాగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట వీధిలో బీభత్సం చేస్తుంది, పక్కనే బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లుతుంది. ఒకే చట్రంలో ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ. అక్షరం రాని యాత్రికులు కూడా ఆ రాతిబొమ్మల ముందు నిలబడి ఉలిక్కిపడి ఉంటారు, ఊపిరి పీల్చుకుని ఉంటారు. ధర్మాన్ని బొమ్మల్లో చెప్పడం, దాన్ని జనం ఆనందంగా చూడటం మనకు కొత్త కాదు.

తెజుకా గ్రంథం తెరవగానే ఎదురయ్యేది కూడా పాత కథే. ఆకలితో మంచులో కూలిపోయిన వృద్ధుడి కోసం ఎలుగుబంటి, నక్క తమకు దొరికింది తెస్తాయి. ఏమీ దొరకని కుందేలు మంటలో దూకి తన ఒంటినే ఆహారంగా ఇస్తుంది. చందమామలో కుందేలు ఎలా చేరిందో చెప్పే శశ జాతకానికి ఇది మరో రూపం. తర్వాత వచ్చే నారదత్తుడి కథ దీన్ని తలకిందులు చేస్తుంది. అతడు ఒక మనిషిని బతికించే తొందరలో ఎన్నో జంతువుల ప్రాణాలు పోవడానికి కారణమవుతాడు. అందుకు గురువు అసితుడు విధించిన శిక్ష, జీవితాంతం మృగంలా బతకడం. ఉద్దేశం మంచిదే కదా అని మనం వాదించబోతాం. కుందేలు ఇచ్చింది తన ప్రాణం, నారదత్తుడు ఖర్చుపెట్టింది ఇతరుల ప్రాణాలు. త్యాగానికీ హింసకూ మధ్య గీత ఎక్కడుందో ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

ఇదంతా శాస్త్రప్రమాణమని మాత్రం అనుకోకూడదు. చాప్రా, తత్త కల్పిత పాత్రలు. బుద్ధుడి తొలి శిష్యులైన పంచవర్గీయ భిక్షువుల్లో ఒకరైన అస్సజి ఇక్కడ ముక్కు కారే చిన్నపిల్లవాడు. తన చావు ముందే తెలిసిన ఆ పసివాడు ఆకలిగొన్న తోడేలు పిల్లల దగ్గరికి తానే నడిచి వెళతాడు. పులికి దేహమిచ్చిన బోధిసత్త్వుడి జాతకం ఆ ఘట్టంలో లీలగా వినిపిస్తుంది. హింస, నగ్నత్వం ఉన్న పుటలు కూడా ఉన్నాయి కాబట్టి మరీ చిన్నపిల్లల చేతికి ఇవ్వడం తగదు.

తెజుకా బుద్ధుడు రాతివిగ్రహంలా ఉండడు. అనుమానిస్తాడు, అలసిపోతాడు, ఏడుస్తాడు. ఎన్నాళ్లు ధర్మం విన్నా పగ వదలలేని తత్త యుద్ధంలో చనిపోయినప్పుడు, తాను చెప్పిందంతా ఏమైపోయిందని కుమిలిపోతాడు. బోధ చేసినవాడికి కూడా ఓటమి ఉంటుందని ఒప్పుకోవడానికి రచయితకు ధైర్యం కావాలి.

నా దృష్టిలో ఈ గ్రంథానికి శిఖరం అజాతశత్రువు ఘట్టం. తండ్రి బింబిసారుణ్ణి చెరలో పెట్టి చావుకు కారకుడైన ఆ రాజు తల మీద కురుపు లేస్తుంది. బుద్ధుడు ఉపన్యాసం చెప్పడు. వేలు ఆ కురుపు మీద ఆనించి కూర్చుంటాడు. అలా రోజులు, నెలలు, ఏళ్లు. చివరికి ఒకనాడు ఆ రోగి ముఖంలో చిరునవ్వు విరుస్తుంది. దేవుడు మనిషి హృదయంలోనే ఉన్నాడని అప్పుడు బుద్ధుడికే తోస్తుంది. పితృహత్యా పాపంతో ఒళ్లంతా పుండ్లు పడ్డ అజాతశత్రువును బుద్ధుడు నయం చేసిన కథ మహాయాన నిర్వాణ సూత్రంలో ఉంది. దీఘనికాయంలో ఆ రాజును బుద్ధుడి దగ్గరికి తీసుకెళ్లింది జీవకుడనే వైద్యుడు. ఆ ఆనవాయితీకి తెజుకా తన వంతుగా చేర్చింది ఆ వేలు, ఆ ఓర్పు.

మన ఇళ్లలోనూ తప్పు చేసి కుమిలిపోతున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు నీతులు చెప్పడం సులువు, పక్కన కూర్చోవడం కష్టం. ఈ బొమ్మల నవలను హాయిగా, నవ్వుకుంటూనే చదవండి. ఆ తర్వాత ధమ్మపదం కూడా తెరవండి. కానీ ఆ రెండింటి మధ్యలో, మీరు మాట్లాడటం మానేసిన ఒక మనిషి దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చోండి. బుద్ధుడి కథ చదివినందుకు అంతకన్నా మంచి ఫలశ్రుతి లేదు.