రెండో కారుకి కారణం

"మళ్ళీ ఇంకోటా? ఎందుకే?" అంది మా చెల్లెలు ఫోన్లో.

మొగల్‌పురాలో ఒక పాత ఇంటి వెనక రేకుల షెడ్డులో స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటి పడి ఉందని మా మెకానిక్ చెబితే కిందటి నెల వెళ్ళి చూసొచ్చాను. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. వెనక సీట్లో పిల్లి కాపురం పెట్టింది. రంగు ఏమిటో చెప్పడం కష్టం. అయినా బానెట్ ఎత్తగానే నా మనసు పోయింది. హెరాల్డ్‌కి బానెట్ అంటే పైమూత మాత్రమే కాదు, మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా ముందుకి వొరిగి తెరుచుకుంటుంది. 948 సీసీ ఇంజన్ మొత్తం ఎదురుగా ఉంటుంది. ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు, నడుం వంచక్కర్లేదు. యాభై దాటిన ఆడదానికి అంతకన్నా ఏం కావాలి? ఇంటివాళ్ళు లక్షన్నర అడుగుతున్నారు. బాగుచేయించడానికి అంతకి రెండింతలవుతుంది.

"ఎందుకే?" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం నన్నెందుకు ఇంత ఇబ్బంది పెట్టిందో ఆలోచిస్తూ కూర్చున్నాను.

మొదటి కారుకి జవాబుండేది. అది నాన్న కారు, 1983 మోడల్ ప్రీమియర్ పద్మిని. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గానీ కారు చేతికి రాని రోజులవి. శాలిబండలో మా ఇంటిముందు అది వచ్చి ఆగిన రోజు గల్లీ గల్లీ అంతా బయటికొచ్చి చూసింది. నాన్న పోయాక తొమ్మిదేళ్ళు మూలపడి ఉంది. పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు. నేను తెచ్చుకుంటానన్నాను. ఎవరూ ఆపలేదు సరికదా, మెచ్చుకున్నారు. ఇంజన్ బోర్ కొట్టించాను. కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయడం, ప్లగ్గులు, పాయింట్లు సర్దుకోవడం నేర్చుకున్నాను. దొరకని సామాన్ల కోసం గురువారాలు జుమ్మెరాత్ బజార్ తిరిగాను. చీరకి గ్రీజు అంటినా చుట్టాలకి ముచ్చటగానే కనిపించింది. కూతురు తండ్రి జ్ఞాపకాన్ని కాపాడుతోంది కదా.

కాపాడటం. ఆడవాళ్ళకి లోకం మనసారా అనుమతించే పని అది. ఇంటిని, పరువుని, వంశాన్ని, పచ్చళ్ళని, జ్ఞాపకాలని కాపాడితే ఎవరూ లెక్క అడగరు. ఆ ముసుగులో నేను నాకిష్టమైన పని చేసుకున్నానని ఇప్పుడు అర్థమవుతోంది. రెండో కారుకి ఆ ముసుగు లేదు. హెరాల్డ్‌తో మా కుటుంబానికి ఏ సంబంధమూ లేదు. నాకు కావాలనిపించింది, అంతే.

ఇంతకీ ఆ మొదటిది నాన్న కారేనా? రోజూ పొద్దున్నే పాతచీర ముక్కతో దాన్ని తుడిచింది అమ్మ. శుక్రవారం బొట్టు పెట్టింది అమ్మ. దసరాకి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది అమ్మ. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకసారి "నేనూ నేర్చుకుంటానండీ" అంది. నాన్న చెడ్డవాడేం కాదు. "చార్మినార్ దగ్గర ఆ జనంలో నువ్వా!" అని నవ్వాడంతే. అమ్మ కూడా నవ్వేసింది. ఆ నవ్వుతో ఆ మాట అక్కడితో అయిపోయింది. పాతికేళ్ళు తుడిచినా అది అమ్మ కారు కాలేదు. నేను కూడా నాన్న కారనే అంటూ వచ్చాను.

ముంబైలోని కుర్లాలో తయారయ్యే ఆ ఫియట్ 1100కి పద్మిని అన్న పేరు 1974లో వచ్చింది. 1303లో చిత్తోడ్ కోట పడిపోయినప్పుడు అగ్నిలో దూకిందని చెప్పుకునే రాణి పేరు. ఆ ముట్టడి జరిగిన రెండువందల ఏళ్ళకి పైగా గడిచాక, 1540లో జాయసీ రాసిన కావ్యంతో ఆ కథ ప్రసిద్ధమైంది. పద్మిని అనగానే గుర్తొచ్చేది ఆమె ఏం కోరుకుందన్నది కాదు, ఎవరికి దక్కకుండా పోయిందన్నది. అలాంటి పేరు పెట్టిన కారుని పాతికేళ్ళకి పైగా దేశమంతా తోలుకుని తిరిగింది. స్టీరింగ్ పట్టుకున్న చేతులు చాలావరకు మగవాళ్ళవే.

మా పాతబస్తీలో ఇలాంటి ఇష్టాలకి ఒక మంచి మాటుంది: షౌక్. పావురాలు ఎగరేయడం షౌక్. పతంగులు షౌక్. అత్తర్లు షౌక్. ఫలానావాడికి పాత మోటార్‌సైకిళ్ళ షౌక్ అంటే ఇంక కారణం అడగరు. ఆ మాటే కారణం. అదే మాట తెలుగులోకి వచ్చి షోకు అయింది. "ఈ వయసులో ఏమిటా షోకులు?" అని మనం ఎవరిని అంటాం? భాష మారేసరికి మగవాడి వ్యసనం ఆడదాని వగలైపోయింది. మగవాడికి షౌక్ ఉంటే రసికుడు. ఆడది షోకులు పోతే ఇల్లు గుల్ల.

చార్మినార్ నుంచి నడిచిపోయేంత దూరంలో, ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తెప్పించుకోవాలనుకున్నాడు. కారు వచ్చేలోపు, 1911లో, ఆయనే పోయాడు. ఏడో నిజాం హయాంలో వేడుకలప్పుడే బయటికి తీసేవారు. మొత్తం తిరిగింది 356 మైళ్ళంటారు. ఇక్కణ్ణించి విజయవాడ వెళ్ళి వస్తే దాదాపు అంతవుతుంది. ఆ కారు ఎందుకని ఏ గైడూ అడగడు, ఏ సందర్శకుడూ అడగడు. అదే ఊళ్ళో, అదే కాలంలో పెద్దింటి స్త్రీలు పరదాలు కట్టిన కార్లలో వెళ్ళారు. ఇంజన్ వచ్చింది గానీ పరదా దిగలేదు, అదీ కారెక్కింది.

ఆ వంశపు వారసుడు ముకర్రం జాకి యంత్రాలంటే ప్రాణం. నిజాం గద్దెకి వారసుడై కూడా ఇంజన్ల దగ్గర గడపడం ఇష్టపడ్డాడు. ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల పొలం కొనుక్కున్నాడు. 2023లో ఇస్తాంబుల్‌లో చనిపోతే మక్కా మసీదులో ఖననం చేశారు. ఆయన్ని 1959లో పెళ్ళి చేసుకుని తర్వాత విడిపోయిన ఎస్రా, ఎన్నో ఏళ్ళకి తిరిగొచ్చి చౌమహల్లా పునరుద్ధరణ భారం మీద వేసుకుంది. 2005లో ప్యాలెస్ ప్రజలకి తెరుచుకుంది. ఆయన చేసింది రాజుగారి సరదా. ఆమె చేసింది వారసత్వ పరిరక్షణ. ఎంత పెద్ద మేడ అయితేనేం, పంపకం మా శాలిబండ ఇంట్లోదే: సరదా అతనిది, కాపాడటం ఆమెది.

మనం రాసుకునేవాళ్ళం. వర్జీనియా వూల్ఫ్ 1929లో చెప్పిన తనదైన గది గురించి మనలో ఎవరు రాయలేదు! కానీ 1931లో ఆమె ఉద్యోగినుల సభలో చేసిన ప్రసంగంలో ఇంకో మాటుంది. తొలి సంపాదనతో అవసరమైన సరుకులు కొనకుండా పర్షియన్ పిల్లిని కొనుక్కుందట. కొన్నాళ్ళకి పిల్లి చాల్లేదట, మోటారు కారు కావాలనిపించిందట, అందుకే నవలలు రాసిందట. నవ్వులాటగా చెప్పింది గానీ, 1927లో ఆమె సంపాదన పెరిగాక వూల్ఫ్ దంపతులు సెకండ్‌హ్యాండ్ సింగర్ కారు నిజంగానే కొన్నారు. గదిని మనం ఇంతగా పట్టుకుని, ఆ పిల్లినీ కారునీ ఎందుకు వదిలేశాం? గదికి కారణముంది. గదిలో కూర్చుని రాస్తాం, సమాజానికి పనికొస్తాం. పిల్లికి కారణం లేదు. స్త్రీ అవసరం కోసం పోరాడటం మనకి చేతనయ్యింది. అవసరం లేనిదాన్ని కోరుకునే హక్కు గురించి మాట్లాడటానికి మనకే మొహమాటం.

"జీవితమంతా ఇంట్లో అన్నీ బాగుచేస్తూనే ఉంటాం కదా, మళ్ళీ ఇదొక చాకిరీనా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పాత కారుకి పని ఎప్పటికీ పూర్తవదు. కార్బొరేటర్ బాగయ్యేసరికి పెట్రోలు పంపు మొరాయిస్తుంది. అది ఆగేసరికి రేడియేటర్ కారుతుంది. అంట్లలాగే ఇదీ అంతులేనిదే. తేడా ఒక్కటే. అంట్లు మానేస్తే నేను చెడ్డదాన్ని. కారు మానేస్తే ఎవరికీ ఏమీ కాను. మానేసే స్వేచ్ఛ ఉన్నప్పుడే పని ఆటవుతుంది. చాలా రోజులు మొరాయించిన ఇంజన్ చోక్ లాగి సెల్ఫ్ కొట్టగానే అందుకున్నప్పుడు కలిగే ఆనందం, పప్పు కుదిరిందని ఎవరో మెచ్చుకుంటే కలిగేది కాదు. దానికి సాక్షి అక్కర్లేదు.

పనికిరాకపోవడాన్ని చట్టం కూడా ఒప్పుకుంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం పోని కారుని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు. ఆ కారుని రోజువారీ తిరుగుళ్ళకి వాడకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకీ మాత్రం రోడ్డెక్కచ్చు. పొగ గురించి నాకున్న అపరాధభావానికి అదొక హద్దు. పోనీ, పనికిరాని దానికీ ఒక నంబర్ ప్లేటు ఉంటుందన్నమాట.

ఇంతదాకా వచ్చాక నా వాదన నాకే బాగుందనిపించింది. అక్కడే అనుమానం రావాల్సింది.

వూల్ఫ్ రాసుకుంటున్నన్నాళ్ళూ, 1916 నుంచి 1934 దాకా, ఆ ఇంట్లో వంట చేసింది నెల్లీ బాక్సాల్. నేను కారు కింద దూరే ఆదివారాల్లో మా ఇంట్లో వంట చేసేది ఎవరు? మామూలుగా ఆదివారం సెలవు తీసుకునే మా వంటమనిషిని, పద్మిని పని మొదలయ్యాక, ఇంకో ఐదువందలిస్తానని రమ్మన్నాను. ఆమె సరేనంది. కాదనే స్థితిలో ఉందా అని నేను అడగలేదు. నా ఆదివారం ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఆమె ఆదివారంలోంచి కోసి తీసింది.

కిందటి వారం హెరాల్డ్ సంగతి మాట్లాడదామని యాకుత్‌పురాలో మెకానిక్ ఉస్తాద్ ఇంటికి వెళ్ళాను. ఆయన లేడు. ఆయన భార్య లోపలికి రమ్మని కూర్చోబెట్టింది. గదిలో కుట్టుమిషన్, దానిమీద ఎర్ర రెగ్జిన్. "మీ గాడీ సీట్లు కూడా నేనే కుట్టాను మేడమ్," అంది మామూలుగా. ఏడేళ్ళుగా ఆ సీట్లో కూర్చుంటున్నాను. కుట్టు ఎంత తిన్నగా వచ్చిందో వచ్చినవాళ్ళందరికీ చూపించాను. అది ఎవరి చెయ్యో నాకు తెలీదు. సీట్ల పనికని రాసిన మొత్తం ఉస్తాద్ చేతికిచ్చాను, చిల్లరతో సహా. లాడ్‌బజార్ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, ఇళ్ళలో కూర్చుని రాళ్ళు అతికే ఆడవాళ్ళ గురించి ఆవేశంగా మాట్లాడినదాన్ని. నా కారు సీటు నాకు కనిపించలేదు.

"ఔర్ ఏక్ గాడీ లేరే కతే?" అంది. ఇంకోటి కొంటున్నారటగా అని.

అవునన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని సిద్ధపడ్డాను. అడగలేదు. రెండు తలుపులదా, నాలుగు తలుపులదా అంది. హెరాల్డ్‌లో నాలుగు తలుపుల రకం మన దేశంలో తయారయ్యింది, ఇది అదేనన్నాను. అయితే డోర్ ప్యాడ్లు కూడా నాలుగు కుట్టాలి అని వేళ్ళమీద లెక్క వేసుకుంది. తర్వాత మిషన్ వైపు చూస్తూ, "ఈసారి సీట్ల హిసాబ్ నాతో వేరే పెట్టుకోండి," అంది. గొంతు తగ్గించలేదు.

సరేనన్నాను. వెళ్ళబోతూ, ఉండబట్టలేక, "మీకేం షౌక్ ఆపా?" అని అడిగాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. అమ్మ నవ్వది. మాటని అక్కడితో ఆపేసే నవ్వు.

ఆమె డబ్బు ఆమె చేతికిస్తే నా లెక్క తేలిపోతుందా? తేలదు. అది ఆమెకి రావాల్సిన కూలి, నేను చేసే ఉపకారం కాదు. వంటమనిషి ఆదివారం ఆమెకి తిరిగిచ్చేశాను. ఆదివారాలు ఇప్పుడు మా ఆయన వండుతున్నాడు. మొన్న పప్పులో ఉప్పు ఎక్కువైంది, తిన్నాం. ఇవన్నీ చేశాక కూడా కారణం లేకుండా కోరుకోగలగడం నాకున్నంత సులువుగా ఆ ఇద్దరికీ లేదన్నది అలాగే ఉంది. అందుకని నా కోరిక మానుకుంటే వాళ్ళకేమైనా వస్తుందా? అదీ రాదు. అమ్మ మానుకుంది. దానివల్ల ఎవరికీ ఏమీ రాలేదు, నవ్వడం మాత్రం నాకూ వచ్చింది.

నిన్న మొగల్‌పురా వెళ్ళి పదివేలు అడ్వాన్స్ ఇచ్చాను. పిల్లిని ఎక్కడికి మార్చాలన్నది ఇంకా తేలలేదు. రాత్రి చెల్లెలు మళ్ళీ అడిగింది, ఎందుకే అని.

"కావాలనిపించింది," అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "నాకు నేర్పుతావా?" అంది.