అన్వయం తప్పిన మాట

మాట అన్వయం తప్పినంత మాత్రాన ఆలోచన కూడా తప్పిందని నిర్ణయించవచ్చునా అన్నది మనోవైద్యానికీ తత్త్వశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 1911లో స్కిజోఫ్రెనియాపై వెలువరించిన గ్రంథంలో, భావాలను ఒకదానితో ఒకటి ముడివేసే బంధాలు సడలిపోవడం ఆ వ్యాధి మూలలక్షణాలలో ఒకటని ప్రతిపాదించి, రోగి మాటలోని అసంబద్ధతను ఆ సడలింపుకే ఆనవాలుగా గ్రహించాడు.

ఆ అసంబద్ధత ఎటువంటిదో తెలియడానికి, “భోజనం చేశారా?” అన్న ప్రశ్నకు “అన్నం తెల్లగా ఉంది, తెల్లవారితే బండి వస్తుంది, బండి చక్రం ఇనుము” అని జవాబు వచ్చిందనుకోవచ్చు. వాక్యార్థం బోధపడడానికి ఒక పదం మరొక పదాన్ని కోరే ఆకాంక్ష, ఆ పదాల అర్థాలు పొసగే యోగ్యత, పదాలను జాగు లేకుండా ఉచ్చరించే సన్నిధి కారణాలని ‘తర్కసంగ్రహం’లో అన్నంభట్టు చెప్పాడు. పై జవాబులో ఏ వాక్యాన్ని విడదీసి చూసినా ఈ మూడూ ఉన్నాయి. లేనిది మీమాంసకులు చెప్పే ఏకవాక్యత, అంటే వేర్వేరు వాక్యాలు ఒకే ప్రయోజనానికి కట్టుబడి ఉండడం. అన్నం నుంచి బండికి దారి తీసింది అడిగినవారి ప్రశ్న కాదు, ‘తెల్ల’ అన్న శబ్దం.

శబ్దంతో పెనవేసుకోని జ్ఞానమే లేదన్న వైయాకరణుడు భర్తృహరి సిద్ధాంతం బ్లాయిలర్‌కు బలమిచ్చేట్టు కనిపిస్తుంది గాని, చెవికి వినిపించే వైఖరినీ, లోపల క్రమం దాల్చే మధ్యమనూ వేరు చేసినవాడూ భర్తృహరే; కనుక వైఖరి చెదిరినంత మాత్రాన మధ్యమ కూడా చెదిరిందనలేం. మాటను బట్టి మనసును ఊహించడం అనుమానప్రమాణం. దానికి వ్యాప్తి, అనగా హేతువు (ఇక్కడ తప్పిన మాట) ఉన్న ప్రతిచోటా సాధ్యం (తప్పిన ఆలోచన) ఉండితీరడం, అవసరం. మెదడులోని భాషాకేంద్రం దెబ్బతిన్న వెర్నికి అఫేసియాలో మాట ధారాళంగా సాగుతూనే అర్థం కోల్పోతుంది, అయినా కొందరిలో మాటతో పనిలేని వివేచన నిలిచే ఉంటుంది. మాటా కదలికా స్తంభించే కెటటోనియాలో, లోరాజెపామ్ మందుతో తేరుకున్న కొందరు తాము మౌనంగా ఉన్నప్పుడు పక్కన ఎవరేమన్నారో చెప్పగలరు. సాధ్యం లేనిచోట కూడా కనిపించే ఇటువంటి హేతువును తార్కికులు సవ్యభిచారమని తోసిపుచ్చుతారు.

అమెరికా మనోవైద్యురాలు నాన్సీ ఆండ్రియాసెన్ 1979లో అసంబద్ధమైన మాటతీరులను వర్గీకరించినప్పుడు, ఆలోచనను ఊహించకుండా వినిపించినదాన్నే నిర్వచించి, వాటిలో అనేకం మేనియాలోనూ కనిపిస్తాయని చూపింది. కనుక అసంబద్ధమైన మాట వ్యాధిని శోధించడానికి కారణమవుతుందే తప్ప, మాట్లాడేవారికి చెప్పవలసిందేమీ లేదనడానికి ప్రమాణం కాజాలదు. ఆ మాటలను ఉన్నవున్నట్టు రాసుకొని, వాటి వెనుక తాత్పర్యాన్ని వెదకవలసిన బాధ్యత వినేవారిదే.