త్రాగి మిగిల్చిన నీరు

(ధ్యాన భాగములు: యెహెజ్కేలు 34:17–22, ఆదికాండము 26:12–22)



జీవజలమును గూర్చియు, బండనుండి వెడలిన నీటిని గూర్చియు ప్రసంగములలో తరచుగా వినుచున్నాము. వాటి ఆత్మీయ భావము మనకు తెలియును, మంచిదే. అయితే ఆ మాటలను మొదట వినినవారు కరవు నెరిగినవారు, మందలను కాచినవారు. వారికి నీరనగా మొదట నీరే.

దేవుడు బలిసిన గొఱ్ఱెలను నిలదీసిన సంగతి యెహెజ్కేలు వ్రాసెను. అవి నీరు త్రాగినందుకు ఆయన కోపింపలేదు. తాము తేటనీరు త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలకచేసి, బలహీనమైనవాటికి ఆ బురదనే విడిచినందుకు తీర్పు వచ్చెను. త్రాగుట పాపము కాదు. వెనుక వచ్చువానిని మరచుట పాపము.

ఇది మన పొలముల సంగతియే. తెలంగాణములోను రాయలసీమలోను చాలచోట్ల నేల క్రింద గట్టి రాయి యున్నది. లోతున నీరు ఆ రాతి పగుళ్లలోనే నిలుచును. ఆ పగుళ్లకు హద్దురాళ్లు లేవు. ఒకడు లోతుగా బోరు వేసినయెడల ప్రక్కవాని బావి ఎండిపోవచ్చును. బహుకాలము రాతిని అంటియున్న నీటిలో ఫ్లోరైడు చేరుటయు కలదు. ఆ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలో గుర్తించిరి. నల్లగొండ పల్లెలలో దానివలన ఎముకలు వంగినవారిని చూచినవారికి, చెడిన నీరనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు.

"నా పొలము, నా సొమ్ము, నా బోరు, తప్పేమి?" అని ఒకడు అడుగవచ్చును. ఈ ప్రశ్న తేలికైనది కాదు. అతనికిని అప్పున్నది, పిల్లలున్నారు. పైరు కన్నులయెదుట ఎండుచున్నది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ఊరి త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల ఇతర బావులను అడ్డగించుచున్నది. అయినను చట్టము దూరమును కొలుచును గాని మనస్సును కొలువదు.

ఇస్సాకును చూడుడి. గెరారు లోయలో రెండు బావులకై జగడము రాగా అతడు వాటిని విడిచి మూడవదానిని త్రవ్వించెను. బలహీనుడై విడిచెనా? కాదు, అతడు తమకంటె బలవంతుడని అబీమెలెకే ఒప్పుకొనెను. కాబట్టి ఈ పాఠము బావి ఎండిన బీదవానికి కాదు, లోతుగా త్రవ్వగల మనకే. మరియు ఇస్సాకు తన తండ్రి కాలపు పూడిన బావులను తిరిగి త్రవ్వించెను. మన తాతల చెరువులును పూడియున్నవి. చెరువు నిండిన యేట చుట్టుపట్ల బావులలో నీరు ఊరునని మన పెద్దలు ఎరుగుదురు.

కాబట్టి బోరు వేయకముందు ప్రక్క పొలమువానితో మాటలాడుదము. ఇద్దరికి ఒక బోరు చాలునేమో చూతము. చెరువు పూడిక తీయు దినమున సంఘము పలుగు పారలతో ముందు నిలుచునుగాక. రాత్రి పండుకొనునప్పుడు ప్రతివాడును తన్ను తాను అడుగవలసినది ఒక్కటే: నా వెనుక త్రాగువానికి నేను ఎట్టి నీరు మిగిల్చితిని?