చూపు నిర్దోషమేనా? – కృష్ణా ముఖద్వారపు మడ అడవుల నేపథ్యంలో ఒక నైతిక విచారణ

కృష్ణానది సముద్రంలో కలిసే నిజాంపట్నం, లంకెవానిదిబ్బ పరిసరాలలో నేల, నీరు అన్న విభజన స్థిరంగా ఉండదు. పోటు వేళ పాయగా ఉన్నది ఆటు వేళ బురదమేటగా మారుతుంది. శీతకాలపు మధ్యాహ్నం తెడ్డుపడవలో ఆ పాయల వెంట సాగేవారికి మడచెట్ల నడుమ లకుముకిపిట్ట, మేటపై ఉల్లంకుల గుంపు, అదృష్టముంటే నీటికుక్క కనిపిస్తాయి. బావురుపిల్లి ఎక్కువగా రాత్రివేళ తిరిగేది కనుక దాని అడుగుజాడలతోనే తృప్తిపడవలసి ఉంటుంది. పడవకు ఇంజను లేదు. పడవలో వల లేదు, తుపాకి లేదు. చూడటం తప్ప మరేమీ చేయని ఈ మనిషి వలన ఎవరికీ హాని లేదన్న భావన సహజంగా కలుగుతుంది. ఆ భావన ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడ విచారణీయాంశం.

నేడు జలవిహారానికి వాడుతున్న కయాక్ పుట్టుపూర్వోత్తరాలు ఈ విచారణకు అక్కరకు వస్తాయి. ఆర్కిటిక్ తీరవాసులైన ఇన్యూట్ జనులు చట్రంపై సీల్ చర్మాన్ని బిగించి దానిని నిర్మించుకొన్నది ప్రధానంగా వేటకోసం. నీటిమట్టానికి దగ్గరగా, చప్పుడు లేకుండా జంతువును సమీపించడం దాని ప్రయోజనం. అంటే విహారి ప్రశాంతత అని పిలుచుకొనే గుణమే ఒకనాటి వేటగానికి పనిముట్టు. వేటగానికి ఆకలి అన్న సమర్థన ఉండేది. విహారికి అదీ లేదు. మరపడవ చప్పుడు చేస్తూ దూరం నుండే తన రాకను తెలుపుతుంది, చాలా సందర్భాలలో నడిమి పాయలో దాటిపోతుంది. తెడ్డుపడవ ఒడ్డును ఒరుసుకొంటూ, మరపడవ పోలేని సన్నకాలువలలోకి కూడా చొచ్చుకొనిపోతుంది. సమీపించేవాని మనసులోని సదుద్దేశం పక్షికి తెలిసే మార్గం లేదు.

పక్షి ఎగిరిపోలేదు కనుక దానికి ఇబ్బంది లేదన్న వాదం తరచు వినబడుతుంది. ఇది తొందరపాటు నిర్ణయం. మరొక మేతచోటు లేని పక్షి, నీరసించిన పక్షి, గుడ్లను విడిచి పోలేని పక్షి భయపడుతూనే నిలిచిపోవచ్చు. గూటి మీద కదలక కూర్చున్న పెంగ్విన్ల గుండె కొట్టుకొనే వేగం మనిషి రాకతో పెరగవచ్చునని పరిశోధకులు కొలిచి చూపారు. నిశ్చలతను అంగీకారంగా చదవడం మనుషుల మధ్యనే ఎంత అన్యాయానికి దారితీసిందో సాహిత్య పరిశోధకులకు చెప్పనవసరం లేదు. పైగా ఉల్లంకుల మేతకు వ్యవధి తక్కువ. మేట బయటపడిన కొద్ది గంటలలోనే అవి తినాలి; లేచి వాలిన ప్రతిసారీ ఆ కాలం, బలం రెండూ తరిగిపోతాయి.

తమసానదీ తీరాన క్రౌంచమిథునాన్ని చూచినవారు ఇద్దరు: వాల్మీకి, నిషాదుడు. శోకం శ్లోకమైన ఘట్టంగా దీనిని బోధించే అలవాటు వలన ఒక చిన్న విషయం మరుగున పడుతున్నది. బాణం తగిలే వరకు ఆ రెండు చూపులలో ఏది ఏదో పక్షులకు తెలియదు. రెండూ నిశ్శబ్దమైనవే. ముని చూపునకు నైతికమైన ప్రత్యేకత సిద్ధించినది చూడటంలో కాదు, ఆ తరువాత కలిగిన శోకంలో, ఆ శోకం తీసుకొన్న పక్షంలో.

పల్నాటి నాగార్జునకొండకు ఎవరి పేరు నిలిచిందో ఆ ఆచార్యుడు మూలమధ్యమకకారికల మూడవ ప్రకరణంలో చక్షురాది ఇంద్రియాలను పరీక్షిస్తూ, ద్రష్ట, దృశ్యం, దర్శనం అన్న మూడింటిలో ఏదీ తక్కినవాటికి వేరుగా స్వతంత్రంగా సిద్ధించదని వాదించాడు. ఆ తర్కం మోక్షమార్గానికి సంబంధించినది; పర్యావరణ నీతికి దానిని యథాతథంగా అతికించడం ఉచితం కాదు. అయినా తాను దృశ్యానికి వెలుపల ఉన్నానన్న విహారి ధీమాను అది కదిలించగలదు.

ఆ ధీమాను కదిలించేందుకు తర్కం కూడ అవసరం లేదు, మైదానం చాలు. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పొలాల వాననీరు వాగులు, మురుగుకాలువల ద్వారా ఈ తీరానికే చేరుతుంది. పత్తి, మిరప మందులు అధికంగా కోరే పంటలు. 1987-88లో తెల్లదోమ విజృంభించి పత్తి రైతుల ఆత్మహత్యలకు దారితీసినప్పుడు, మితిమీరిన పురుగుమందుల వాడకమే ఆ విజృంభణకు ఒక కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ మందులు రైతుకే మేలు చేయలేదు. దిగువ నీటికి చేస్తాయని ఆశించలేము. పత్తిబట్ట కట్టి, మిరపకారం తిని వచ్చిన విహారి పడవ ఎక్కక ముందే ఆ పక్షుల బ్రతుకులో ఉన్నాడు. అతడు ఆగంతుకుడు కాడు, ఆలస్యంగా వచ్చిన భాగస్వామి.

అయితే చూడటమే మానాలా? ఎవరూ చూడని పాయను రొయ్యలచెరువుగా మార్చడం సులభం. చూచినవారే సాక్షులు కాగలరన్న ప్రతివాదానికి బలముంది, దానిని తోసిపుచ్చలేము. గుంటూరుకు చేరువలోని ఉప్పలపాడు ఇందుకు ఉదాహరణ. అక్కడి ఊరిచెరువులోని చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందలాదిగా గూళ్ళు కడతాయి. ఆ ఊరివారు వాటిని కాపాడుకొంటూ వచ్చారు. రోజూ ఒకే గట్టున, ఒకే తీరున నడిచిపోయే మనిషికి పక్షులు అలవాటుపడతాయి. ఒక్క మధ్యాహ్నం కోసం వచ్చిన విహారికి ఆ అలవాటును సంపాదించే వ్యవధి లేదు. అతడు ఇవ్వగలిగినది దూరం ఒక్కటే. మేటపై ఉల్లంకి మేత మాని తల ఎత్తినప్పుడు తెడ్డు ఆపి చూస్తూ నిలవడం చాలదు. పడవను వెనుకకు మళ్ళించి, పోటు వచ్చి మేట మునిగే వరకు ఆ పాయలోకి పోకుండా ఉండవలసి వస్తుంది.