తలుపు మూయు ధర్మము

అగ్నిప్రమాదమున ప్రాణరక్షణభారము అగ్నిమాపకదళమువారిదే యని మనము తలంతుము. అది సగము నిజము.

2022 జనవరి 9వ తేదీన న్యూయార్కు నగరమున, బ్రాంక్సులోని 19 అంతస్తుల నివాసభవనములో, గదిని వేడిచేయు విద్యుత్పరికరము వలన నిప్పంటుకొనెను. మంట అంతగా వ్యాపింపలేదు. కాని తనంతట మూసికొనవలసిన తలుపు తెరచియుండుటచే పొగ మెట్లదారివెంట పైకెగసెను. సుమారు 200 మంది భటులు వచ్చిరి. వీపున మోయు గాలిసీసాలు నిండుకొన్నను కొందరు వెనుదిరుగలేదు. అయినను ఆ పొగకు 17 మంది బలియైరి. అందు 8 మంది పిల్లలు.

భయమున పరుగిడినవారిని నిందింపజాలము. భటుని సాహసము ఆపద్ధర్మము. తలుపులను, మెట్లదారులను సరిచూచుకొనుట నిత్యధర్మము. నిత్యధర్మము లోపించినచోట దాని వెలను పరులు ప్రాణములొడ్డి చెల్లింపవలసివచ్చును. మేడలయందు కాపురముండు మనము, మెట్లదారిని సామాను పేర్చుకొనునపుడు ఈ మాట మరువరాదు.